తుప్పు పట్టిన మేకులు

నేను సారా కాయలేదు. కాశానని రాసుకుని అబ్కారీ వాళ్ళు మా తోటలోంచి నా కుండలూ, ఇనప గొట్టమూ పట్టుకుపోయారు.

డెబ్బైల్లో కిరసనాయిలు దొరక్క తిరువూరు చుట్టుపక్కల ఆయిలింజన్లన్నీ గోనెసంచులు కప్పుకుని పడుకున్న రోజులవి. నేను బళ్ళో చదివింది ఐదో క్లాసు. మిగతాదంతా లైబ్రరీలో, అట్ట ఊడిన రసాయనశాస్త్రం పుస్తకంలో. పుల్లటి ఆమ్లాన్ని ఆవిరి చేసి, బాగా కాలిన తుప్పు ఇనుము మీదుగా పంపిస్తే, చల్లారాక మండే ద్రవం దిగుతుందని అందులో ఉంది. తుప్పు మాత్రం ఖర్చయిపోదు. పెళ్ళిళ్ళ పేరయ్యలాగా ఇద్దర్నీ కలిపి పక్కకు తప్పుకుంటుంది.

గాలిదుమారానికి రాలిన మామిడికాయలు మగ్గబెట్టి, పిసికి, కుండల్లో పులియబెట్టాను. కల్లు వాసన దాటి ముక్కు పగిలే పులుపుకి వచ్చేదాకా ఆగాను. ఎద్దుల నాడాల మేకులు తెచ్చి, ఒక వానాకాలమంతా తడిపి తుప్పు పట్టించాను.

"లోకులు తులసికోటకి నీళ్ళు పోస్తారు. మీరు మేకులకి పోస్తున్నారు" అనేది మా ఆవిడ.

ఆ మేకులు గొట్టంలో కూరి, కింద మంట పెట్టి, పులుపు ఆవిరి పంపాను. అరగ్లాసుడు దిగింది. వత్తికి తడిపి వెలిగిస్తే భగ్గుమంది. వంగి చూస్తున్న మా బావమరిది మీసం కొస కూడా. వాడు ఊరుకోకుండా బస్టాండు టీకొట్లో, "మా బావ తోటలో బట్టీ పెట్టాడ్రోయ్" అని చెప్పుకున్నాడు. మర్నాడే అబ్కారీ ఇన్‌స్పెక్టరు దిగాడు.

"సారా కాదు సార్, ఇంజనుకి" అన్నాను.

"మాకు దొరికే ఇంజన్లన్నీ పంచె కట్టుకునే ఉంటాయిలే" అన్నాడు.

"పోనీ ఆ కుండలోది రుచి చూడండి."

వాళ్ళ జవాను గుక్కెడు తాగి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఊరగాయలా ఉంది సార్" అన్నాడు. ఆ ముక్క మాత్రం కాయితంలోకి ఎక్కలేదు.

కేసయితే పెట్టలేదు గానీ నా పరువు పోయింది. ముక్కూమొహం తెలీనివాళ్ళు తోట కంచె దగ్గరకొచ్చి "ఉందా?" అని మెల్లగా అడిగేవాళ్ళు. పాస్టరుగారు ఆదివారం ప్రార్థనలో నన్ను పేరు పెట్టి తలుచుకున్నారట. అది సారా కాదని కాయితం ఇవ్వమనీ, గొట్టం తిరిగివ్వమనీ ఏడాది పొడుగునా అర్జీలు పెట్టాను. ఇంజను నడవాలంటే ఆ తుప్పు మేకులే కావాలి, మళ్ళీ తయారు చెయ్యాలంటే ఇంకో వానాకాలం. అందుకని ప్రతి అర్జీ చివర గీత గీసి మరీ రాశాను: మేకులు జాగ్రత్త.

చివరికి జవాబు వచ్చింది:

"మీ అర్జీలు పరిశీలించడమైనది. సదరు ద్రవము సారా కాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మీ గొట్టమును వచ్చి తీసుకొనగలరు. మేకుల విషయమై తాము పదే పదే కోరిన జాగ్రత్తను దృష్టిలో ఉంచుకొని, వాటి తుప్పు పూర్తిగా గీకించి, ఆముదము రాయించి భద్రపరచినాము."