కారు పార్కు దాకా వెళ్ళిన స్వింగ్ బ్యాండు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఊరు కాని ఊళ్ళో నోరు మూసుకుని పని చేసుకుంటే ఏ గొడవా రాదని. న్యూజీలాండ్‌లోని టౌరంగాలో కాలు పెట్టిన కొత్త. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, నేను ఒక రెస్ట్ హోమ్‌లో పెద్దవాళ్ళకు స్నానం చేయించి, అన్నం తినిపించే కేర్‌గివర్‌ని. అక్కడ అందరూ మేస్ట్రో అని పిలిచే తొంభై దాటిన తాత ఒకాయన ఉండేవాడు. వాళ్ళ నాన్న యుద్ధకాలంలో మొదలుపెట్టిన స్వింగ్ బ్యాండును తర్వాత ఈయనే నడిపాడట. ట్రంపెట్లూ ట్రాంబోన్లూ శాక్సాఫోన్లూ కలిసి ఒక్కసారి మోగితే డాన్స్ హాల్లో కాలు పెట్టే సందు ఉండేది కాదట. "ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు మా పాటల మీదే కుదిరాయి" అనేవాడు. తర్వాత గిటార్ల కాలం వచ్చి హాళ్ళు ఖాళీ అయినా, పాతవాళ్ళ పిల్లలూ మనవలూ (ఒక ప్లంబరు, ఒక టీచరమ్మ, కివీ తోటల్లో పనిచేసే అన్నదమ్ములు) పట్టు వదలకుండా వాయిస్తూనే ఉన్నారు.

ఒకరోజు ఆయనకు గడ్డం గీస్తూ నోరు జారాను, తెనాలిలో మా పెదనాన్నకు పెళ్ళి బ్యాండు ఉండేదనీ, అందులో నేనూ ట్రంపెట్ ఊదాననీ. తాత సబ్బు నురగతోనే నిటారుగా కూర్చున్నాడు. "మాకు ట్రంపెట్ మనిషి లేడు. వచ్చే నెల డాన్స్ ఉంది. అది కూడా చప్పగా సాగితే బ్యాండు మూసేద్దామంటున్నారు మావాళ్ళు. నువ్వొస్తున్నావు!"

"ఏవండీ, మీరు ఊదింది ఊరేగింపుల్లో కదా? వాళ్ళు కాగితాలు చూసి వాయిస్తారంట!" అంది మా ఆవిడ. నిజమే. నాకు నొటేషన్ రాదు. తెలిసిన వేగాలు రెండే: పెళ్ళికొడుకు గుర్రం మీదుంటే ఒకటి, కారులో ఉంటే ఒకటి. అయినా తాత మొహం చూసి కాదనలేక, రికార్డింగులు విని నా వంతు బట్టీ పట్టాను.

డాన్స్ రోజు హాలు సగమే నిండింది. వచ్చినవాళ్ళు గోడవారగా కూర్చుని టీ తాగుతున్నారే తప్ప ఒక్కరూ లేవరు. చక్రాల కుర్చీలోంచి చెయ్యి ఊపుతున్న తాత మొహం వాడిపోతోంది. ఇంతలో నా సోలో వచ్చింది. లేచి నేనొక్కణ్ణే వాయించాలి. లేచాను, కళ్ళు మూసుకున్నాను. (పెదనాన్న బ్యాండులో లేచి నిలబడటమంటే నడవడమే, ఆ సంగతి నేను మరిచినా నా కాళ్ళు మరవలేదు.) కళ్ళు తెరిచేసరికి టీ బల్ల పక్కన ఉన్నాను. ఉద్యోగం పోయిందనుకుని వెనక్కి తిరిగితే నా వెనకే టీచరమ్మ శాక్సాఫోన్ ఊదుతూ వస్తోంది, ఆమె వెనక ట్రాంబోన్ల అన్నదమ్ములు. తాతే చెప్పి చేయిస్తున్నాడని వాళ్ళ నమ్మకం! ఆగితే పరువు పోతుందని తలుపు వైపు నడిచాను. వాకర్లు తోసుకుంటూ ముసలమ్మలు, వాళ్ళ చేతులు పట్టుకుని ముసలాయనలు, అందరూ గంతులేస్తూ మా వెనకే కారు పార్కులోకి! మా ఆవిడ పైట చెంగుతో మొహం కప్పుకుంది. స్టేజీ మీద ఒంటరిగా మిగిలిన డ్రమ్ముల ప్లంబరు "నన్నొదిలేసి ఎక్కడికి పోతున్నార్రా!" అని అరుస్తూనే దరువు వేస్తున్నాడు.

తిరిగొచ్చాక తల దించుకుని తాత ముందు నిలబడ్డాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళూ కూర్చునే వాయించాం. నడవొచ్చని మాకెవరూ చెప్పలేదేమయ్యా?" అన్నాడు.

బ్యాండు మూతపడలేదు. తాత పోయిన రోజున ఆయన్ను అదే పాటతో, నడుస్తూనే సాగనంపాం. ఇప్పుడు నాకు మీసం నెరిసింది, నొటేషన్ వచ్చింది, మోకాళ్ళ నొప్పీ వచ్చింది. మొన్న బ్యాండులో కొత్తగా చేరిన ఒక న్యూజీలాండ్ పిల్ల నన్ను పక్కకు పిలిచి, "అంకుల్, సోలో రాగానే కారు పార్కులోకి నడవాలి. యుద్ధకాలం నుంచీ వస్తున్న మన బ్యాండు సంప్రదాయం, తెలుసా?" అని భక్తిగా చెప్పింది. తెలియదమ్మా, నేర్పించు అన్నాను. టీ బల్ల పక్కన బిక్కమొహం వేసుకున్న ఆనాటి నాలోని కుర్రాడికి ఈ మాట వినిపిస్తే ఎంత బాగుండేదో అనుకుంటూ, కుంటుకుంటూ ఆమె వెనకే నడిచాను.