రాగి బిందె

జగదల్‌పూర్ కాలేజీ ల్యాబులో నూకాలమ్మది మూడేళ్లుగా ఒకటే పట్టు. ఖరీదైన లోహాల జోలికి పోకుండా, బైలాడిలా గనుల ఇనుముతో నైట్రోజన్ వలయాలు కట్టాలి. ఎన్నో మందులకు ఆ వలయాలే ఆధారం. తండ్రి కూర్మారావు కిరండూల్ రైలు లైనులో ముప్పై ఏళ్లు ఆ ఇనుపరాయి బండే నడిపాడు. ఇనుమంటే ఆమెకు సొంత మనిషి మీదున్నంత పక్షపాతం.

ఇనుప పొడి నీళ్లలో వేసి కలిపితే వలయం కుదిరింది. ఒకసారి కాదు, నలభైసార్లు! గైడు శ్యామ్‌ప్రసాద్ గారు వ్యాసం సోమవారం పత్రికకు పంపుతానన్నారు. కూర్మారావు రైల్వే క్వార్టర్లన్నీ తిరిగి చెప్పేశాడు.

శుక్రవారం నాడు, నీళ్లు శుద్ధిచేసే ల్యాబు యంత్రం, మూడేళ్లుగా మూలపడ్డది, బాగైంది. నూకాలమ్మ ఆ నీళ్లతో చేసి చూసింది. వలయం లేదు. మళ్లీ చేసింది. లేదు.

ఇన్నాళ్లూ వాడినవి ఇంటినుంచి ల్యాబుకు తెచ్చుకున్న నాయనమ్మ రాగి బిందెలో నీళ్లు. కాచి, వడగట్టి, అందులో పోసేది. వారం వారం చింతపండుతో తళతళా తోమేది కూడా. రాగిలో నిలవున్న నీళ్లను అనుమానించడం వాళ్లింట్లో ఎవరికీ తెలియదు మరి! పిచ్చిపిల్ల, శుభ్రత పేరుతో రోజూ రాగి కలిపింది.

నోరు మూసుకుంటే అడిగేవాడు లేడు. అయినా శనివారం పొద్దున్నే ఇనుము వేయకుండా, ఉత్త బిందె నీళ్లతో మొదలుపెట్టింది. నాలుగు గంటలు కుర్చీలో కూర్చోలేదు. వలయం రాకూడదని దేవుళ్లందరికీ మొక్కింది. వలయం ఏర్పడితే చుక్కగా చూపించే పరీక్ష ప్లేటును నీలి దీపం కింద పెట్టింది. చుక్క కనిపించింది. ఎప్పుడూ వచ్చే చోటే.

బిందెను ఒక్క తన్ను తన్నాలనిపించింది. ఫోన్ తీసింది.

"సార్, ఇనుము కాదు. బిందెలో రాగి."

శ్యామ్‌ప్రసాద్ గారు గొంతు తగ్గించారు. "ఇంకెవరికైనా తెలుసా?"

"నాకు తెలుసు సార్."

"సరే," అన్నారాయన చివరికి. "వ్యాసం పంపను."

ఆదివారం తండ్రి ఫోన్ చేశాడు. "ఏటమ్మా, రేపేనా? మన ఇనుము గెలిసినట్టేనా?"

"లేదు నాన్నా. నాయనమ్మ బిందె గెలిచింది," అని నవ్వబోయింది.

కూర్మారావుకు సగమే అర్థమైంది. "మరి మూడేళ్లూ పోనాయా?"

అంతవరకూ ఏడవని నూకాలమ్మ అప్పుడు భోరుమంది.