ఫొటో వెనక అడ్రసు

ఎవరు ఫొటో చూపించినా మా నాన్న ముందు దాన్ని తిరగేసి వెనక వైపు చూస్తాడు. నాకు పెళ్ళి సంబంధమంటూ అబ్బాయి ఫొటో తెచ్చి చూపించినా అంతే. అమ్మకది ఒళ్ళుమంట. నాన్న అలవాటు నాన్నది. స్టూడియో నడిపినన్నాళ్ళూ తన చేతి మీదుగా వెళ్ళిన ప్రతి ఫొటో వెనకా ఊదారంగు సిరాతో రబ్బరు స్టాంపు వేశాడు. స్టూడియో పేరు, బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి అడ్రసు, వాటి కింద పెన్నుతో రాసిన నెగటివ్ నంబరు. ఇంకో కాపీ కావలసినవాళ్ళు ఆ నంబరు పట్టుకుని వస్తే అల్మరాలోంచి నెగటివ్ తీసి ప్రింటు వేసి ఇచ్చేవాడు.

ఆ స్టూడియో ఇప్పుడు లేదు. పాత భవనం పడగొట్టి కొత్తది కట్టారు, అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నెగటివ్‌ల అల్మరాలు మాత్రం పటమటలోని మా ఇంటికొచ్చి ముందుగది సగం ఆక్రమించాయి. వచ్చిన చుట్టాలు వాటి మధ్య నుంచి పక్కకు తిరిగి నడవాలి. వాటిని తీసేయమని అమ్మ పోరు. ఎవరో ఒకరు వస్తారంటాడు నాన్న. ఎక్కడికొస్తారు, ఆ సెల్‌ఫోన్ల కొట్టుకా అంటుంది అమ్మ.  ఇంటికి రంగులు వేయించేలోపు ఒక్కరైనా రాకపోతే అల్మరాలు బయటికే అని చివరికి అమ్మ తేల్చేసింది. నాన్న సరేనన్నాడు. ఆ రోజు అన్నం కెలికి లేచిపోయాడు. 

నా ఉద్యోగమే వెబ్‌సైట్లు నలుగురి కంటా పడేలా చేయడం. ఊళ్ళోవాళ్ళందరికీ చేసిపెడుతూ ఇంట్లో మనిషికి చేయకపోవడమేమిటని నాన్న స్టూడియో పేరుతో ఒక సైట్ తయారుచేశాను. తయారుచేసినంత మాత్రాన ఎవరూ రారు. వేరేవాళ్ళ పేజీల్లో మన సైట్ అడ్రసు కనిపించాలి. దాన్నే లింకు అంటాం. మంచి చోట్ల నుంచి లింకులు వచ్చేకొద్దీ వెతికేవాళ్ళకు మన సైట్ పైన కనిపిస్తుంది. ఫొటోలు పంచుకునే సైట్లు అందుకొక దారి. మంచి ఫొటో ఒకటి అక్కడ పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, మా సైట్‌కి లింకు ఇవ్వండి చాలు అని కింద రాస్తాం. వాడుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, లింకు ఇచ్చే మర్యాదస్తులు తక్కువ.

నాన్న తీసినవాటిలో మంచివి ఏరాను. కాలవ గట్టు మీద సైకిళ్ళు, మోకాలి లోతు నీళ్ళలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు, మంగళగిరిలో వీధి పొడవునా సాగదీసి కట్టిన నేత పడుగు దారాలు. పడుగు ఫొటో బాగా తిరిగింది. ఎవరెవరి పేజీల్లోనో, ఎవరెవరి పేర్లతోనో కనిపించింది. నాకు ఒళ్ళు మండి ఒక్కొక్కరికీ ఉత్తరాలు రాశాను. ఒకరిద్దరు లింకు పెట్టారు. మిగతావాళ్ళు ఉలకలేదు, పలకలేదు. నా ఫొటోకి నువ్వు వాళ్ళను బతిమాలడమేంటని నాన్న చిన్నబుచ్చుకున్నాడు.

ఒకరోజు నా పక్కన కుర్చీ వేసుకుని, పెట్టిన ఫొటోలన్నీ వరసగా చూశాడు. చూసి, "వెనక వైపు ఏదమ్మా?" అన్నాడు.

వెనక ఎవరు చూస్తారు నాన్నా అన్నాను.

"అడ్రసు వెనకేగా ఉండేది."

నవ్వొచ్చింది. ఆయన సంతోషం కోసం ఒక పాత ఫొటో వెనక వైపు స్కాన్ చేసి పెట్టాను. పచ్చబడిన కాగితం, కాస్త అలికినట్టున్న ఊదారంగు స్టాంపు, నాన్న చేతిరాతలో నంబరు. మీ ఇంట్లో ఫొటోల వెనక ఈ స్టాంపు ఉందేమో చూడండి, స్టూడియో లేదు గానీ నెగటివ్‌లు భద్రంగా ఉన్నాయి అని కింద తెలుగులో రాసి, సైట్ లింకు ఇచ్చాను.

మా లెక్క ప్రకారం అది దండగ పని. ఇలాంటి సైట్లలో మనం పెట్టుకునే లింకులను వెతికిపెట్టే యంత్రాలు పెద్దగా లెక్కలోకి తీసుకోవు. అయినా ఆ ఫొటో కింద జనం మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో ఆల్బమ్‌లు దింపి, అంటుకుపోయిన ఫొటోలు ఊడదీసి వెనక చూశామని రాశారు. కొందరు తమ ఫొటోల వెనక వైపులు పెట్టారు. పాత బెజవాడ సంగతులు రాసే ఒకాయన తన పేజీలో మా సైట్‌కి లింకు ఇచ్చాడు. అప్పుడుగానీ నాన్న చేసిన పని నాకు అర్థం కాలేదు. నేను పుట్టకముందు నుంచీ ఆయన లింకులే పంచిపెడుతున్నాడు. డెల్టాలో ఎన్ని ఇళ్ళ గోడలకు, ఎన్ని ట్రంకుపెట్టెల అడుగున అవి ఉన్నాయో. అవన్నీ ఇప్పుడు లేని కొట్టుకు దారి చూపిస్తున్నాయి. అది తలచుకుంటే నాకు దిగులేసింది.

మాటలైతే వచ్చాయి, మనిషి మాత్రం రాలేదు. రంగులవాళ్ళు వచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళారు.

ఆ వారంలోనే ఒక ముస్లిం పెద్దాయన కూతురి స్కూటర్ వెనక కూర్చుని వచ్చాడు. మంగళగిరిలో బట్టల కొట్టుందట. ఆయన ఒళ్ళో తువ్వాలులో చుట్టిన ఫొటో ఫ్రేము ఉంది. విప్పి చూపించాడు. ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చి, ఫొటో అద్దానికి అతుక్కుపోయి, మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది.

"మా అమ్మీ అండీ. ఇదొక్కటే ఉంది. మొహం పోయింది, వెనక మీ నంబరు మిగిలింది."

బెంజ్ సర్కిల్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడట. సెల్‌ఫోన్ల కొట్టువాళ్ళకు స్టూడియో సంగతే తెలీదు. మొన్న కూతురు ఫోన్‌లో స్టాంపు మీది పేరు కొట్టి చూస్తే అచ్చం తమ ఫొటో వెనకలాంటిదే కనిపించిందట.

నాన్న ఫ్రేము తీసుకుని అలవాటుగా తిరగేశాడు. ఈసారి అమ్మ కూడా వంగి వెనక వైపే చూసింది. నంబరు చదువుకుని అల్మరా దగ్గరికి వెళ్ళి, కవర్ల మీదుగా వేళ్ళు జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, కవరులోంచి నెగటివ్ తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. నాకందులో నల్లటి మొహం, తెల్లటి జుట్టు తప్ప ఏమీ కనిపించలేదు. నాన్నకు మనిషి కనిపిస్తుంది.

"ముక్కుపుడక ఉంది కదండీ, కుడి వైపు?" అన్నాడు.

పెద్దాయన తలాడించాడు. 

నెగటివ్ స్కాన్ చేసి, మా వీధి చివరి ల్యాబ్‌లో ప్రింటు వేయించుకొచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. మొహం మర్చిపోతానేమోనని భయమేసిందండీ అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. అమ్మ లోపలికెళ్ళి రంగులవాళ్ళకు ఫోన్ చేసింది. అల్మరాల వెనక గోడకు రంగు అక్కర్లేదని చెప్పడం మా అందరికీ వినిపించింది.

నాన్న ఫొటో అడిగి తీసుకుని, సొరుగులోంచి పాత స్టాంపు తెచ్చి వెనక వేశాడు. ఇప్పటి కాగితానికి ఆ సిరా పట్టదు, అడ్రసంతా అలుక్కుపోయింది. పోనీలెమ్మని దాని కింద పెన్ను పెట్టి, మన సైట్ అడ్రసు చెప్పమన్నాడు. ఒక్కో అక్షరం చెప్పాను, ఆయన రాశాడు. మధ్యలో చుక్కెందుకన్నాడు. అది లేకపోతే ఎవరూ రాలేరన్నాను. గట్టిగా నొక్కి పెట్టాడు.

తర్వాత తలెత్తి, "ఈ అడ్రసు ఎన్నాళ్ళుంటుందమ్మా?" అని అడిగాడు.

ఏటా డబ్బు కట్టి కొనసాగించుకోవాలని చెప్పబోయి మానేశాను. "నేనున్నన్నాళ్ళూ ఉంటుంది నాన్నా."

నాన్న దాని కింద నెగటివ్ నంబరు మళ్ళీ రాసి, సిరా ఆరేదాకా ఊది, ఫొటోను వెనక వైపు పైకి ఉండేలా పెద్దాయన చేతిలో పెట్టాడు.