పెద్దమ్మ ముందుపళ్లు

పెద్దమ్మ పోయిందని మా ఊరు మైపాడు నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పగలగొడుతున్నాను. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. రొయ్యలు ఎండకేసి ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఎవరు కొరికి చూస్తారు?

మా వీధిలో అదే పద్ధతి. పాత వల మీద ఆరబోసిన రొయ్యల్లోంచి ఒకటి తీసి పెద్దమ్మ ముందుపళ్లతో కొరికేది. "ఇంకో ఎండ" అంటే ఇంకో ఎండే. "ఎత్తండి" అంటే గోతాలు తెచ్చేవాళ్లం. ఇసుక తగిలిందా, వల పరిచినవాళ్లకు ఆ పూట తిట్లే భోజనం. కొరకగా మిగిలిన సగం కాకికి వేసేది.

అలాంటి మనిషి పోయినేడు పళ్లన్నీ పీకించేసుకుంటానని కూర్చుంది. దవడపళ్లు ఎప్పుడో ఊడాయి. కోవూరు వియ్యపురాలు పళ్ల సెట్టు కట్టించుకుందట, నవ్వితే మెరుస్తుందట.

"మెరిసేదానికి ట్యూబులైటు పెట్టుకో పెద్దమ్మా! రొయ్యని దేంతో చూస్తావు?" అని అరిచాను.

"నీకేందిరా నొప్పి? నోరు నాది."

నెల్లూరు తీసుకెళ్తే, పళ్ల డాక్టరమ్మ ముందుపళ్లు కదిపి చూసి, గట్టిగా ఉన్నాయి, పీకనంది. పంటి వేరు చుట్టూ సన్నటి నరాలుంటాయట. పన్ను మీద ఎంత బరువు పడిందో, ఎటునుంచి పడిందో మెదడుకు చెప్పేది అవేనట. మెత్తనిదైతే దవడ మెల్లగా నొక్కుతుంది, రాయి తగిలితే ఆగుతుంది. పన్ను పీకితే ఆ కబురు ఆగిపోతుంది. కట్టుడుపళ్ల కింద చిగురు చెప్పేది కొంతే. ఇంటికొచ్చి ఫోనులో నేనూ చదివాను. నిజమే. బడిలో పళ్లు ముప్పైరెండని బట్టీ పట్టించారే గానీ ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదేమని ఒళ్లు మండింది.

డాక్టరమ్మ మాట విని పెద్దమ్మ నాలుకతో ముందుపళ్లు తడుముకుంది. వియ్యపురాలి నవ్వు కళ్లముందు మెరిసిందేమో. చివరికి, "అయితే ఉండనీలే తల్లీ. పన్ను చెప్తా ఉండాది, దవడ వింటా ఉండాది. మా ఇంట్లో ఒకరన్నా చెప్పిన మాట వింటా ఉండారు" అంది. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

తర్వాత వియ్యపురాలు చూడ్డానికొస్తే ఆమె చేతిలో ఎండురొయ్య పెట్టి, "ఏం వదినా, నీ సెట్టు ఏమంటా ఉండాది?" అని ఏడిపించింది కూడా.

దహనమైన మర్నాడు రొయ్యల దగ్గర, ఇక కొరికేది నువ్వేనన్నట్టు అందరూ నా వైపే చూశారు. ఒక రొయ్య తీసి కొరికాను. కరుక్కుమంది. నేననుకోకముందే దవడ ఆగింది. ఇసుక!

"ఎవడ్రా వల పరిచింది?" అని అరిస్తే, ఏడుస్తున్న అక్క కూడా నవ్వేసింది.

"అది సరేరా, ఎండినాయా లేదా?" అని అడిగింది.

నాకేం తెలుసు? "ఇంకో ఎండ" అన్నాను.

సగం రొయ్య విసిరాను. గుంజ మీది కాకి దిగింది. దాన్ని ముట్టుకోకుండా, పెద్దమ్మ కూర్చునే పీట వైపు మెడ తిప్పి చూసింది.