నేను కాదన్నందుకు పుట్టిన పద్యం

నా మీద ఒకాయన పద్యం చెప్పాడు. పొగడ్త అనుకునేరు, తిట్టు.

నాకు పెళ్ళయిందీ, భర్త పోయిందీ ఊహ తెలియని వయసులోనే. మా అన్నయ్య రాజమండ్రిలో చదువుకుని, వితంతువులకు మళ్ళీ పెళ్ళి చెయ్యాలనే జట్టులో చేరాడు. ఆ జట్టులోని స్నేహితుడు, ఒక బడిపంతులు, నన్ను చేసుకుంటానని అన్నయ్యతో అన్నాడు. అన్నయ్యకు ఏనుగెక్కినంత సంబరం. నేను వద్దన్నాను. నాలాంటిదాన్ని చేసుకుంటానని ఒక మగాడు రావడమే గొప్ప, ఆపైన నచ్చడం నచ్చకపోవడం కూడానా అని వదిన బుగ్గలు నొక్కుకుంది.

ఆ వేసవిలో ఆయన మా ఊరు వచ్చాడు. మాది ఆనకట్టకు దిగువన, గోదావరి పాయ ఒడ్డున. సాయంత్రం మా అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టుకుని, రాగం తీసి పద్యం చదివాడు. దాహంతో వచ్చిన బాటసారికి ఇసుక తప్ప చుక్క నీరు చూపని ఎండిన ఏరట ఒక ఆడది. పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. అరుగంతా శభాష్ అంది. లోపల బెండకాయలు తరుగుతున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నయ్య లోపలికి వచ్చి, "విన్నావా? రేపటినుంచి ఊరంతా ఇదే చదువుతారు. ఇప్పటికైనా సరేనను, పరువు దక్కుతుంది," అన్నాడు.

కత్తిపీట పక్కకు నెట్టి గడప దాకా వచ్చాను. నాలాంటివాళ్ళు మగవాళ్ళ ఎదట పడకూడని రోజులవి. పడ్డాను.

"మీరెప్పుడైనా చెలమ తవ్వారాండీ?" అని ఆయన్నే అడిగాను.

నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. ఆయనకు ఆ అవసరం ఎన్నడు వచ్చింది గనక.

"ఎండాకాలం ఈ ఊరు తాగేది ఆ ఇసుకలో నీళ్ళేనండి. చేత్తో గుంట తీస్తే ముందు బురద ఊరుతుంది. అది తోడిపోసి, తేటపడేదాకా కూర్చోవాలి. మీరు ఇసుకలో చెయ్యే పెట్టలేదు. అడిగింది మా అన్నయ్యని. నన్ను ఒక్క మాటైనా అడిగారా?"

ఆయన మొహం విప్పారింది. "అయితే ఇప్పుడు అడుగుతున్నానండి," అన్నాడు.

"ఇప్పుడూ వద్దనే అంటున్నానండి. నీళ్ళున్నాయన్నాను గాని, మీకోసమని అనలేదు. నాకు మీరు నచ్చలేదు. ఈసారి పద్యం చెబితే అది చెప్పండి."

అన్నయ్య చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మానితే మాననీ అనుకున్నాను. అవునన్న వితంతువులకు వాళ్ళ జట్టు మేళతాళాలు పెట్టింది, కాదనే వితంతువు కూడా ఉంటుందని వాళ్ళెవరికీ తట్టలేదు. ప్రేమ దక్కలేదని చేదు కక్కే పద్యాలు ఆ తర్వాత ఎన్నో విన్నాను. అన్నిటా ఆడది రాయి, లేకపోతే పాము. ఆమెకు నేను నచ్చలేదు అని చెప్పినవాడు ఇంతవరకూ నాకు కనబడలేదు.