మూడో అంతస్తు అప్పగింత

సర్దక్కకు అసలు పేరొకటి ఉంది కానీ అది ఆమె సంతకంలో తప్ప ఎక్కడా కనపడదు. ఇల్లు అమ్ముదామనుకున్నవాళ్ళు ముందు బ్రోకరుకు చెబుతారు, బ్రోకరు ఆమెకు చెబుతాడు, కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చేలోగా ఆమె వెళ్ళి ఆ ఇంటిని మనుషుల్లో పడేస్తుంది. ఆరేళ్ళుగా ఇదే పని. అంతకు ముందు పంతొమ్మిదేళ్ళు మంచాలూ సోఫాలూ అమ్మే కొట్టులో చేసింది. మంచం చుట్టూ తిరిగి చూసేవాడు కొనడనీ, ఒక్కసారి దానిమీద కూర్చున్నవాడు సగం కొన్నట్టేననీ అక్కడే నేర్చుకుంది. కొట్టు మూతపడ్డాక ఆ విద్యను ఇళ్ళ మీదికి మళ్ళించింది. ఏ ఇంట్లోనైనా గాలి బాగా వచ్చే చోటు చూసి అక్కడొక కుర్చీ వేస్తుంది. వచ్చినవాళ్ళు అందులో కూర్చున్నారా లేదా అన్నదే ఆమెకు లెక్క. తక్కిన మాటలన్నీ గాలికి పోయేవే అంటుంది.

ఏ ఇంటికి వెళ్ళినా మొదటి గంట చీపురు ముట్టుకోదు. ఒక్కో గదిలో పావుగంట చొప్పున ఊరికే కూర్చుంటుంది. ఇంటివాళ్ళకు తమ ఇంటి వాసన తెలియదు, తమ ఫ్యాను చేసే చప్పుడు వినపడదు, తలుపు వెనక వేలాడే పదమూడు సంచులు కనపడవు. అవన్నీ ఆమెకు తెలుస్తాయి. ఆ తర్వాత కొంగు బిగించిందంటే ఇక ఇంటావిడకు ఊపిరాడదు. మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, మూడేళ్ళ కిందటి క్యాలెండర్లు, ఫ్రిజ్ మీది మందుల అట్టలు, అన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోవాల్సిందే. ఎప్పటికైనా పనికొస్తాయని ఇంటావిడ గునుస్తుంది. ఎప్పటికైనా పనికొచ్చేవి కొత్త ఇంట్లో పనికొస్తాయిలెమ్మని ఈమె పెట్టె మూసి టేపు అంటిస్తుంది.

ఆమెకు ఒకే ఒక్క నియమం ఉంది. సర్దుతుంది గానీ దాచదు. పనిలోకి దిగిన కొత్తలో ఒక ఇంట్లో గోడ బీటలు వారితే దానిమీద పెద్ద గడియారం తగిలించింది. ఇల్లు కొన్న పెద్దమనిషి నెల తిరక్కుండా ఆ గడియారం పట్టుకుని ఆమె ఇంటికొచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు. గడియారం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే ఆ పూటకు మరిచిపోయేది. తిట్టలేదు కాబట్టి ఇంకా మరిచిపోలేదు.

అలాంటి మనిషికి సొంత అక్క ఇల్లే అమ్మకానికొచ్చింది.

అక్కా బావా ఉండేది మూడో అంతస్తులో. యాభై నాలుగు మెట్లు, లిఫ్టు లేదు. బావ ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఊరంతా చక్రాల మీద తిరిగిన మనిషికి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషనుకు ఆయన గుండె తట్టుకోదన్నారు డాక్టర్లు. ఎనిమిది నెలల కిందట ఒకరోజు కూరగాయల సంచితో ఆ మెట్లన్నీ ఎక్కొచ్చాడు, అంతే, మళ్ళీ దిగలేదు. కష్టపడితే దిగగలడేమో, కానీ దిగితే మళ్ళీ ఎక్కాలి కదా. ఒకసారి డాక్టరు దగ్గరికి కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకెళ్ళారు. దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు నిలబడి అయ్యోపాపం అన్నారు. ఆ తర్వాత ఆయన నొప్పి ఉన్నా చెప్పడం మానేశాడు. కిటికీ దగ్గర కూర్చుని కింద వెళ్ళే బస్సుల్లో ఏది ఎంత ఆలస్యంగా వస్తోందో లెక్కపెట్టుకోవడమే ఆయన ఉద్యోగమైంది.

పక్క వీధిలో కింది అంతస్తులో ఒక చిన్న ఇల్లు దొరికింది. వాకిట్లోంచి అడుగు వేస్తే వీధి. ఆ ఇంటావిడ నెలాఖరు దాకా ఆగుతానంది, ఆ తర్వాత అడిగినవాళ్ళకు ఇచ్చేస్తానంది. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే ఆ ఇల్లు కొనగలరు. చేతిలో ఇరవై రోజులున్నాయి.

“ఎలాగైనా ఈ ఇల్లు అమ్మిపెట్టవే. ఆయన వీధిలో నడవగా చూడాలని ఉంది నాకు, ఇంకేం అక్కర్లేదు,” అంది అక్క. అక్క ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. సర్దక్క ఆ పూటే వచ్చి పడింది.

నాలుగు రోజుల్లో ఇంటి రూపు మార్చేసింది. స్విచ్చుబోర్డుల మీది వేలిముద్రలు టూత్‌పేస్టుతో తుడిచింది. గదికో రంగులో వెలిగే బల్బులన్నీ తీసి ఒకేలాంటివి పెట్టింది. గోడల్లోంచి నలభై ఒక్క మేకులు పీకింది. ఏ మేకు ఎందుకు కొట్టాడో బావ ఒక్కోదానికీ చెబుతూ కూర్చున్నాడు. మధ్యలో మరదలికి పని నేర్పడం కూడా మొదలుపెట్టాడు.

“నిన్ను కూడా ఒక పెట్టెలో పెట్టి టేపు అంటిస్తే ఇల్లు ఎంత విశాలంగా ఉంటుందో బావా,” అంది ఆమె.

“పెట్టు. కాకపోతే మోసేవాళ్ళను జాగ్రత్తగా చూసుకో. మీ అక్క వంట తిని బరువెక్కాను,” అన్నాడు బావ.

మొదట ఒక బ్యాంకు గుమాస్తా, ఆయన భార్య వచ్చారు. ఆయాసంతో రొప్పుతూ రాగానే కుర్చీల్లో కూలబడ్డారు. ఈ ఇంటికి వచ్చేవాళ్ళంతా కూర్చునే తీరతారని, తన పాత లెక్క ఇక్కడ పనికిరాదని సర్దక్కకు అప్పుడు అర్థమైంది. సరే, నీళ్ళిచ్చి గదులన్నీ చూపించింది. ఇల్లు చూసి ఇద్దరి ముఖాలూ వికసించాయి. అంతలో కిటికీ దగ్గరనుంచి బావ గొంతు సవరించుకున్నాడు. పొద్దున్న ఐదింటికి కింద నీళ్ళ మోటారు మోత మోగిపోతుందని, మధ్యాహ్నం వంటింట్లో ఎండ మంటలా కొడుతుందని, వానాకాలం వెనకగది గోడ చెమ్మగిల్లుతుందని ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకొచ్చాడు. గుమాస్తా భార్య లేచి నిలబడింది. మళ్ళీ ఫోను చేస్తామని దిగి వెళ్ళిపోయారు. చేయలేదు.

తర్వాత ఇంకో ఇద్దరొచ్చారు. వాళ్ళకూ అదే పాఠం. సర్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క మాత్రం వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

బావకు అదేమీ తప్పుగా తోచలేదు. డిపోలో బండి దిగిన ప్రతి డ్రైవరూ ఒక పుస్తకంలో రాయాలట. ఎడమ అద్దం వదులైంది, బ్రేకు కాస్త ఆలస్యంగా పడుతోంది, ఇలా. పొద్దున్న ఆ బండి ఎక్కే డ్రైవరు అది చదివి సంతకం పెట్టాలి. రాయకుండా ఇంటికెళ్ళినవాణ్ణి డిపోలో ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదట. ముప్పై ఒక్క ఏళ్ళు రాసిన మనిషిని, ఇల్లు అప్పగించేటప్పుడు మాత్రం నోరు మూసుకోమంటే ఎలా కుదురుతుందని ఆయన అడిగాడు.

ఇంకో పది రోజులే ఉన్నాయి. ఆ వారం సర్దక్క తన జన్మలో మళ్ళీ చేయనని ఒట్టు పెట్టుకున్న పని చేసింది. వెనకగదిలో చెమ్మ మరక పడ్డ గోడకు బీరువా అడ్డం జరిపించింది. బావను కబుర్ల వంకతో అదే అంతస్తులో ఎదురు గుమ్మం టైలరు దగ్గర కూర్చోబెట్టింది. పరాయివాళ్ళ ఇంటికైతే ఇలా చేసి ఉండేది కాదు. అక్క ముఖం చూసి చేసింది.

ఆ రోజు వచ్చిన భార్యాభర్తలకు ఇల్లు తెగ నచ్చింది. వెనకగది తమ చంటిపాపకు ఇచ్చేద్దామని అక్కడే నిర్ణయించేసుకున్నారు. రేపు ఉదయం వచ్చి మాట ఖాయం చేసుకుంటామన్నారు. వాళ్ళు వెళ్ళాక అక్క ఆనందం పట్టలేక చెల్లెల్ని కౌగిలించుకుంది. ఎనిమిది నెలల్లో అక్క అలా నవ్వడం అదే మొదటిసారి. సర్దక్క కళ్ళు మాత్రం వెనకగదిలోని బీరువా వైపే పోయాయి.

కర్ర పట్టుకుని తిరిగొచ్చిన బావ ఇల్లంతా ఒకసారి చుట్టి వెనకగది గుమ్మంలో ఆగాడు. కోప్పడతాడేమోనని ఆమె ఎదురుచూసింది.

“ఆ గోడ పక్కన పడుకునేది చంటిదటగా, మరదలా,” అన్నాడు.  వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

సర్దక్క అరగంట అటూ ఇటూ తిరిగి ఫోను తీసుకుంది. గోడ సంగతి తనే చెప్పింది, బీరువా సంగతీ చెప్పింది. అవతలివాళ్ళు చెప్పినందుకు థాంక్స్ అన్నారు, రేపు మాత్రం రాబోమన్నారు. అక్కకు ఈ మాట చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. అక్క అంతా వింది. తర్వాత, మంచిపని చేశావులే అంది. ఆ మాట అంటున్నప్పుడు కళ్ళు చెల్లెలి వైపు తిప్పలేదు.

ఆ సాయంత్రం బీరువాను యథాస్థానానికి జరుపుతుంటే సర్దక్కకు చెమ్మ మరక ఎదురుగా కనపడింది. విసుగ్గా, ఇన్నేళ్ళు ఈ గోడతో ఎలా వేగారు బావా అని అడిగింది.

“వేగడమేముంది? ఎప్పుడో గానీ చెమ్మ రాలేదు. కిటికీ బయట సన్‌షేడ్ మీద నీళ్ళు పోయే కన్నముంది. వానలకు ముందు అందులో ఆకులు తీసేస్తే చాలు. ఈ ఏడు నేను కిటికీ ఎక్కి చెయ్యి చాపలేకపోయాను, అందుకే వచ్చింది.”

సర్దక్క బీరువా వదిలేసి నేలమీద కూర్చుంది. మోటారు మోత సంగతేమిటని అడిగింది. వంటింటి కిటికీ మూస్తే సగం పోతుంది, మోటారు కింద రబ్బరు ముక్క వేయిస్తే మిగతా సగం పోతుంది అన్నాడు. మరి ఎండ? మధ్యాహ్నం మూడింటిదాకానే, ఆ వేళకు వెనకగది చల్లగా ఉంటుంది, పడుకోవాలంటే ఇంట్లో అంతకంటే మంచి చోటు లేదు అన్నాడు.

“మరి వచ్చినవాళ్ళకు ఇదంతా ఎందుకు చెప్పలేదు?”

“ఎక్కడ ఆగారు? మొదటి సగం వినగానే చెప్పులేసుకుంటున్నారు. బండి ఎడమకు లాగుతోందని రాసిన ప్రతిసారీ, స్టీరింగు కాస్త కుడికి పట్టు అని కూడా రాసేవాణ్ణి. అది చదవకుండా ఎవడూ బండి తీసేవాడు కాదు.”

ఇంట్లో డబ్బాలు సర్దాను, మేకులు సర్దాను, బావను మాత్రం అడ్డమనుకుని పక్కకు నెట్టాను అనుకుంది సర్దక్క. తనమీద తనకే నవ్వొచ్చింది. వెంటనే కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. గదికో కాగితం. లోపం ఒక వైపు, దానితో ఎలా మెలగాలో పక్కనే. ఏ గది కాగితం ఆ గది తలుపుకు అంటించింది. ఆ రాతలో బావ ఎంత మునిగిపోయాడంటే అన్నానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

మూడు రోజుల తర్వాత ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సు ఒకావిడ ఒంటరిగా వచ్చింది. మెట్లెక్కి వచ్చినా ఆయాసపడలేదు, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సర్దక్క లోలోపల నీరసపడిపోయింది. ఈసారి ఇల్లు చూపించింది బావే. కర్ర తాటించుకుంటూ, డిపో పుస్తకం సంగతి చెబుతూ, గదికో కాగితం చదువుతూ నడిచాడు. పగలు నిద్రపోయే తనకు ఏ గది పనికొస్తుందని నర్సు అడిగింది. ఆయన వెనకగదిలోకి తీసుకెళ్ళి చెమ్మ మరక మీద చెయ్యి పెట్టించాడు, సన్‌షేడ్ కన్నం చూపించాడు. ఆవిడ అక్కడికక్కడే చీర కొంగు దోపుకుని కిటికీలోంచి చెయ్యి చాపి గుప్పెడు కుళ్ళిన ఆకులు తీసి చూపించింది.

“ఇంతేనా?” అని అడిగింది.

“ఏటా ఇంతే,” అన్నాడు బావ.

ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి తలుపుల మీది కాగితాలన్నీ ఒక్కొక్కటే ఊడదీసుకుంది. అన్నీ వరసగా పేర్చి, చివరి కాగితం కింద సంతకం పెట్టాలా అని అడిగింది.  బావ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులు మిగిలే ఉన్నాయి.

ఇల్లు మారే రోజు మోయడానికి మనుషులు కుర్చీ సిద్ధం చేస్తే బావ వద్దన్నాడు. ఈ మెట్లు మళ్ళీ ఎక్కక్కర్లేదు కదా, ఎంతసేపైతే అంతసేపు దిగుతానన్నాడు. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి అక్క భుజానికి. మెట్టు మెట్టుకీ ఆగాడు, పళ్ళు బిగించాడు, నడుమ నడుమ మరదల్ని ఎగతాళి చేశాడు. నలభై నిమిషాలు పట్టింది. కింద గేటు దాటి వీధిలో నిలబడ్డాక ఆయన వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అక్క బాహాటంగానే ఏడ్చేసింది.

సర్దక్క ముందుగా వెళ్ళి కొత్త ఇల్లు సర్దాలి. సామాను వ్యాను కదలడానికి సిద్ధంగా ఉంది. కొత్త ఇల్లు ఎడమవైపు. బావ కర్ర ఊపుకుంటూ కుడివైపు తిరిగాడు.

“ఇల్లు అటు కాదండీ,” అంది అక్క.

“తెలుసులే. ఇల్లెక్కడికీ పోదుగా. పద.”

ఇద్దరూ వీధి చివరికేసి మెల్లగా నడవడం మొదలుపెట్టారు. సర్దక్క ఒక్క క్షణం చూసింది. సామానంతా ఎక్కడ పడితే అక్కడ దించేయమని వ్యాను డ్రైవరుకు తాళాలిచ్చి, పరుగులాంటి నడకతో వాళ్ళను కలుసుకుంది.