అత్త నిలబడే ఉండేది

పోయిన మా మేనత్త నాకెప్పుడూ నిలబడే గుర్తొస్తుంది. పులివెందులలో పెళ్లికి పోయినా అంతే. "ఏందక్కా, బస్సు కోసరం నిలబడినట్టు నిలబడినావు?" అని బంధువులు నవ్వేవాళ్లు. "ఇప్పుడే పోతాండాలే" అనేది. దగ్గినా నవ్వినా మూత్రం పడిపోతుందని, కుర్చీ తడుస్తుందని ఆమె భయం. చివరి కాన్పు నుంచీ ఉన్న ఆ బాధ నాకొక్కదానికే చెప్పింది.

మూత్రం ఆపుకునే కండరాలు గట్టిపడే కసరత్తులు ఆడవాళ్లకు నేర్పే శిబిరం ప్రొద్దుటూరులో పెడుతున్నారని తెలిసి, పోదామన్నాను. శిబిరం రోజు పొద్దున జమ్మలమడుగులో వాళ్లింట్లో నల్లచీర కట్టుకుని, సంచిలో పాతగుడ్డలు సర్దుకుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నీళ్లు తాగత్తా" అని నా సీసా అందించాను.

"నిన్న సాయంత్రం నుంచే మానేసినా. అంతమందిలో చీర తడిస్తే నా మొగం యాడ పెట్టుకోవల్లమ్మే?"

బస్సులో సీటున్నా కూర్చోలేదు. శిబిరం గది ముందు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మే, ఎనక్కి పోదాం. అందరికీ తెలిసిపోతాది."

నేను తలుపు తోశాను. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. మాకన్నా ముందొచ్చిన ఆడవాళ్లంతా గోడ వెంబడి నిలబడి ఉన్నారు.

అత్త వాళ్లను చాలాసేపు చూసింది. తర్వాత నా చెయ్యి వదిలి, "ఆ నీళ్లసీసా ఇట్లియ్యి" అంది.